పునీతుల పండుగ దినాలు

సెప్టెంబరు 5వ తేదీ అనగానే బడిపిల్లలకు ఉపాధ్యాయ దినోత్సవం గుర్తుకు వస్తుంది. తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మదినం అది. 1962 నుండి దేశమంతటా ఆ రోజును ఉపాధ్యాయుల దినంగా జరుపుకొంటున్నాం. అదే తేదీన కథోలిక క్రైస్తవులు తమ దేవాలయాలలో మదర్ తెరేసాను స్మరిస్తారు. ఆవిడ 1910 ఆగస్టు 26న ఐరోపా ఖండంలోని స్కోప్యే నగరంలో పుట్టింది. కాని ఆగస్టు 26న ఆవిడకు పండుగ లేదు. 1997 సెప్టెంబరు 5న కలకత్తాలో కన్నుమూసింది. ఆ రోజే ఆవిడ పండుగ దినం.

తేదీ ఒకటే. ఒకరికి అది పుట్టినరోజు, మరొకరికి పోయిన రోజు. పోయిన రోజును పండుగ అనడం ఏమిటని మీకు అనుమానం రావచ్చు. దీనికి సమాధానం తెలియాలంటే ముందు పునీతులు ఎవరో తెలుసుకోవాలి.

పవిత్రంగా జీవించి, మరణం తరువాత దేవుని సన్నిధికి చేరారని కథోలిక శ్రీసభ ప్రకటించిన స్త్రీపురుషులను పునీతులు అంటారు. శ్రీసభ అంటే ఆ మతస్థుల సంఘం. రోము నగరంలో ఉండే పోపు దానికి పెద్ద. పాత తెలుగు ప్రార్థన పుస్తకాలలో పునీతులకు బదులు ‘అర్చ్యశిష్ట’ అన్న మాట కూడా కనిపిస్తుంది. ఆరాధన దేవునికే చెందుతుందనీ, పునీతులకు చేసేది గౌరవమేననీ, తమ తరఫున దేవుని వేడమని వారిని కోరుకోవచ్చుననీ శ్రీసభ బోధ. క్రైస్తవులలో అందరూ ఈ పండుగలు చేయరు. ప్రొటెస్టెంటు సంఘాలలో చాలావాటికి పునీతుల పండుగల ఆచారం లేదు. అయినా వాటిలో కొన్ని దేవాలయాలకు పునీతుల పేర్లు నిలిచి ఉన్నాయి.

ఈ పండుగలు మొదలైన కాలంలో క్రైస్తవులు రోమను సామ్రాజ్యంలో కొద్దిమందే ఉండేవారు. వారి మీద అప్పుడప్పుడు హింస జరిగేది. నేటి టర్కీ దేశంలో ఇజ్మీర్ అనే రేవు పట్టణం ఉంది. దాని పాతపేరు స్ముర్న. రెండవ శతాబ్దపు నడిమి కాలంలో అక్కడి పీఠాధిపతి, అంటే ఆ ప్రాంతపు క్రైస్తవులకు పెద్ద అయిన పోలికార్పు అనే వృద్ధుణ్ణి ప్రభుత్వం చంపించింది. ఆయన శిష్యులు ఎముకలు ఏరి తెచ్చి భద్రంగా పెట్టుకొన్నారు. ప్రతి ఏటా అదే రోజున అక్కడ కూడుకొంటామని మరొక ఊరి వారికి లేఖ వ్రాశారు. ఆ రోజును వారు ఆయన ‘పుట్టినరోజు’ అన్నారు. తల్లి కడుపున పుట్టింది మొదటి పుట్టుక. విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చి దేవుని దగ్గర పుట్టింది రెండవ పుట్టుక. వారి లెక్కలో రెండవదే నిజమైన పుట్టినరోజు. నేటికీ పోలికార్పు పండుగ ఫిబ్రవరి 23న వస్తుంది. ఇలా విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వారిని వేదసాక్షులు అంటారు. వారి పండుగ రోజున గురువులు ఎర్రని పూజావస్త్రాలు ధరిస్తారు. మిగిలిన పునీతుల పండుగలకు తెల్లనివి.

ఈ ఆలోచన మనకు మరీ కొత్తదేమీ కాదు. తిరువయ్యారులో త్యాగరాజ స్వామికి ప్రతి ఏటా ఆరాధనోత్సవం జరుగుతుందని తమిళనాట చదువుకొనే పిల్లలకు తెలిసే ఉంటుంది. అది ఆయన పుట్టిన రోజున జరిగేది కాదు. 1847లో ఆయన సమాధి చెందిన పుష్య బహుళ పంచమినాడు జరిగేది. దర్గాలలో జరిగే ఉర్సు కూడా ఆ మహాత్ముడు పరమపదించిన రోజును పురస్కరించుకొనే జరుగుతుంది. ఉర్సు అన్న అరబ్బీ మాటకు పెండ్లి అని అర్థం. మూడు సంప్రదాయాల సిద్ధాంతాలు వేరు వేరు. కాని మహనీయుల మరణాన్ని మైలదినంగా కాక మంగళదినంగా తలచడం మూడింటిలోనూ ఉంది.

కథోలిక పంచాంగంలో ముగ్గురి విషయంలో మాత్రం పుట్టినరోజు కూడా పండుగే. మొదటిది అందరికీ తెలిసిన క్రిస్మస్. రెండవది మరియమాత పుట్టినరోజు, సెప్టెంబరు 8. మూడవది యేసుకు జ్ఞానస్నానం ఇచ్చిన యోహాను పుట్టినరోజు, జూన్ 24. ఈ మూడవ తేదీని కొంచెం గమనించండి. జూన్ 21 దాటాక ఉత్తరార్ధగోళంలో పగలు క్రమంగా తగ్గుతుంది. డిసెంబరు 22 దాటాక పెరుగుతుంది. తాను తగ్గాలి, యేసు పెరగాలి అని యోహాను చెప్పినట్లు బైబిలులో ఉంది. ఒకరి పుట్టినరోజు పగలు తగ్గే వేళ, మరొకరిది పెరిగే వేళ రావడంలోని పోలికను పూర్వపు వ్యాఖ్యాతలు ఎంతో ముచ్చటగా వివరించారు. గోవాలో జూన్ 24 అంటే నిండు వానాకాలం. ఆ రోజు యువకులు తలలకు పూలకిరీటాలు పెట్టుకొని నిండిన బావులలోకి దూకుతారు. మరియమ్మ తన చుట్టాన్ని చూడబోయినప్పుడు ఆ చుట్టం కడుపులో ఉన్న యోహాను సంతోషంతో గంతు వేశాడని బైబిలు చెబుతుంది. ఆ గంతుకు గుర్తుగా ఈ దూకడం అంటారు. బావులు నిండిన ఆనందం కూడా అందులో కలిసి ఉండకపోదు.

ఇంతవరకు చెప్పినది సూత్రం. చనిపోయిన రోజే పండుగ అనుకొని పునీతుల జీవిత చరిత్రలు తెరిచి చూస్తే మాత్రం చాలా తేదీలు కలవవు. కలవని ప్రతి చోటా ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణాలు తెలుసుకోవడం సరదాగానూ ఉంటుంది.

స్పెయిన్ దేశంలోని ఆవిలా నగరానికి చెందిన తెరేసా గొప్ప రచయిత్రి, సన్యాసిని. ఈమె వేరు, మదర్ తెరేసా వేరు. ఈమె 1582 అక్టోబరు 4వ తేదీ రాత్రి మరణించింది. తెల్లవారితే తేదీ ఎంత? అక్టోబరు 5 అని మీరంటారు. కాదు, అక్టోబరు 15! జూలియస్ సీజరు కాలం నుండి వాడుకలో ఉన్న పంచాంగంలో సంవత్సరానికి సుమారు పదకొండు నిమిషాల తప్పు ఉండేది. శతాబ్దాలు గడిచేసరికి ఆ నిమిషాలు పోగై పది రోజులయ్యాయి. దానిని సరిదిద్దడానికి పోపు 13వ గ్రెగరీ పది తేదీలను లెక్కలోనుండి తీసివేయమని ఆజ్ఞాపించాడు. అక్టోబరు 4 గురువారం తరువాత అక్టోబరు 15 శుక్రవారం వచ్చింది. సరిగ్గా ఆ రాత్రే తెరేసా కన్నుమూసింది. ఇక అక్టోబరు 4 అప్పటికే అస్సీసి ఫ్రాన్సిస్ పండుగ దినం. అందువల్ల తెరేసాకు అక్టోబరు 15 ఖాయమైంది. మన గోడల మీద వేలాడే క్యాలెండరు ఆ రోజు పుట్టినదే.

ఆ ఫ్రాన్సిస్ మాత్రం 1226 అక్టోబరు 3న పొద్దుగూకిన తరువాత మరణించాడు. సూర్యాస్తమయంతోనే కొత్తరోజు మొదలవుతుందన్న పాత లెక్క ప్రకారం ఆయనకు 4వ తేదీ వచ్చింది.

ఒక తేదీలో ఇద్దరు ఇమడలేనప్పుడు ఒకరు జరగవలసి వస్తుంది. బొంబాయికి ఉత్తరాన ఉన్న వసయిలో పుట్టిన గొన్సాలో గార్సియా జపాను దేశంలో మతబోధకుడుగా ఉంటూ, 1597 ఫిబ్రవరి 5న నాగసాకిలో మరో ఇరవై అయిదుగురితో పాటు శిలువ మీద ప్రాణాలు విడిచాడు. 1862లో పునీతుడుగా ప్రకటింపబడ్డాడు. మన దేశంలో పుట్టిన వారిలో ఆ గౌరవం మొదట పొందినది ఆయనే. ఫిబ్రవరి 5 అనాదిగా అగాత అనే వేదసాక్షి పండుగ. కాబట్టి నాగసాకి వేదసాక్షుల పండుగ ఒకరోజు జరిగి 6వ తేదీన స్థిరపడింది.

ఫ్రాన్సిస్ డి సేల్స్ కథా ఇటువంటిదే. ఆయన 1622 డిసెంబరు 28న మరణించాడు. ఆ రోజు హేరోదు చంపించిన పసిబిడ్డల స్మరణ దినం. మరుసటి నెల 24న ఆయన దేహాన్ని ఫ్రాన్సు దేశపు అన్సీ నగరంలో సమాధి చేశారు. జనవరి 24నే ఇప్పుడు పండుగ చేస్తున్నారు. ఆ అన్సీ నగరంలో ఆయన పేరుతో ఏర్పడిన సంఘానికి చెందిన గురువులే 1846లో విశాఖపట్నం చేరారు. వారి పని విశాఖపట్నం కేంద్రంగా ఒడిశా, నాగపూరు ప్రాంతాల దాకా విస్తరించింది. ఆ ప్రాంతాలలో ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరుగల పాఠశాలలు, దేవాలయాలు కనిపించడానికి కారణం ఇదే. ఆయన కరపత్రాలు వ్రాసి ఇంటింటికీ పంచేవాడు. అందుచేత పత్రికా రచయితలు ఆయనను తమ పాలక పునీతుడుగా భావిస్తారు.

తేదీలు జరిగిన వాటిలో మన దేశానికి బాగా సంబంధించినది తోమా పండుగ. యేసు పన్నిద్దరు శిష్యులలో ఒకడైన తోమా మన దేశానికి వచ్చి, మైలాపూరులో ప్రాణాలర్పించాడని సంప్రదాయం. ఆయన సమాధి మీద చెన్నైలోని శాంతోం దేవాలయం నిలిచి ఉంది. పూర్వం రోము పంచాంగంలో ఆయన పండుగ డిసెంబరు 21. క్రిస్మస్‌కు సిద్ధపడే రోజుల మధ్య ఈ పండుగ ఇమడడం లేదని 1969లో దానిని జూలై 3కు మార్చారు. ఆయన అవశేషాలను ఎదెస్సా నగరానికి చేర్చిన రోజు జూలై 3 అని సంప్రదాయం. కేరళలోని సిరియను క్రైస్తవులు మాత్రం తరతరాలుగా జూలై 3నే పాటిస్తూ వచ్చారు. ఈ విషయంలో రోము వచ్చి కేరళతో కలిసిందని చెప్పవచ్చు.

పండుగను జరిపేది పంచాంగం ఒక్కటే కాదు. వానలూ జరుపుతాయి. కర్ణాటకలో ఉడుపి జిల్లా కార్కళ దగ్గర అత్తూరు అనే ఊరిలో లారెన్స్ పునీతుని దేవాలయం ఉంది. లారెన్స్ మూడవ శతాబ్దంలో రోములో దానధర్మాలను చూసే ఉద్యోగి. దేవాలయపు నిధులన్నీ తెచ్చి అప్పగించమని అధికారి ఆజ్ఞాపిస్తే, ఊరిలోని బీదలను, కుంటివారిని, గుడ్డివారిని వెంటబెట్టుకొని వచ్చి ‘ఇవే మా నిధులు’ అన్నాడని కథ. 258 ఆగస్టు 10న ఆయనను చంపారు. ఆ తేదీయే పండుగ. కాని ఆగస్టులో ఆ పడమటి తీరాన వాన తెరిపి ఇవ్వదు. అత్తూరు జాతర మాత్రం జనవరి నెలాఖరులో జరుగుతుంది. హిందువులు, ముస్లిములు కూడా వేల సంఖ్యలో ఆ జాతరకు వస్తారు. బొంబాయి బాంద్రాలోని కొండ మీద మరియమాత పండుగ సెప్టెంబరు 8 దాటిన తరువాతి ఆదివారం మొదలై వారమంతా సాగుతుంది. అక్కడ మొక్కు తీర్చుకొనేవారు మైనంతో చేసిన చేతులు, కాళ్లు, ఇళ్లు, పసిబిడ్డల బొమ్మలు సమర్పించడం చూడవచ్చు.

పునీతుల పండుగలు సూర్యమానాన్ని అనుసరించి స్థిరంగా ఉంటాయి. పాస్కా పండుగ, అంటే ఈస్టరు, అలా కాదు. మార్చి 21న గాని తరువాత గాని వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం ఈస్టరు. దానికి ముందు తపస్కాలం ఉంటుంది. స్థిరమైన పండుగ ఏదైనా ఆ కాలపు ఆదివారంతో గాని, ఈస్టరు ముందరి పవిత్రవారంతో గాని కలిస్తే వెనక్కు తగ్గవలసిందే. 2023లో మార్చి 19 ఆదివారం వచ్చింది; మరియమాత భర్త జోజప్ప గారి పండుగను మరునాడు చేశారు. 2024లో మార్చి 25 పవిత్రవారంలో పడింది; ఆ నాటి మంగళవార్త పండుగ ఏప్రిల్ 8కి పోయింది. తిథి ఎప్పుడు మిగులుతుందో, ఎప్పుడు తగులుతుందో అని పంచాంగం తిరగవేసే మన పెద్దలకు ఈ సర్దుబాట్లు వింతగా తోచవు.

ఇక ఒక మనిషి పేరు ఈ పంచాంగంలోకి ఎలా ఎక్కుతుంది? తొలి శతాబ్దాలలో ప్రజలే నిర్ణయించేవారు. ఊరివారు ఎవరి సమాధి దగ్గర ఏటేటా కూడితే వారే పునీతులు. క్రమంగా పోపు అనుమతి అవసరమైంది. ఇప్పటి పద్ధతిలో మరణించాక సాధారణంగా అయిదేళ్లు ఆగాలి. ఆ తరువాత స్థానిక పీఠాధిపతి విచారణ మొదలు పెడతారు. వ్రాతలు, సాక్ష్యాలు పరిశీలిస్తారు. విచారణ మొదలైన వ్యక్తిని దైవసేవకుడు అంటారు. సుగుణాలు రుజువైతే గౌరవనీయుడు, తరువాత ధన్యుడు, చివరకు పునీతుడు. ధన్యుడు కావడానికి ఒక అద్భుతం, పునీతుడు కావడానికి ఇంకొకటి రుజువు కావాలి. వేదసాక్షులకు మొదటిది అక్కరలేదు. ఇందుకోసం వైద్యుల అభిప్రాయం కూడా అడుగుతారు. పూర్వం ఈ విచారణలో అభ్యంతరాలు చెప్పడమే పనిగా ఒక అధికారి ఉండేవాడు. ఎంత మంచివాని మీదనైనా తప్పులు వెదకి చూపడం ఆయన ఉద్యోగం. 1983లో జరిగిన మార్పులతో ఆ పాత్ర చాలావరకు తగ్గిపోయింది.

ఈ విచారణ ఎంతకాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. పాదువా అంతోని 1231 జూన్ 13న మరణిస్తే ఏడాది తిరగకముందే పునీతుడయ్యాడు. ఫ్రాన్సు వీరవనిత జోన్‌ను 1431లో సజీవదహనం చేశారు. ఆమెకు ఆ గౌరవం 1920లో గాని దక్కలేదు. మన దేశపు దేవసహాయం పిళ్లై కథ చూడండి. ఆయన అసలు పేరు నీలకంఠ పిళ్లై. తిరువాన్కూరు రాజ్యంలో ఉద్యోగి. 1745లో క్రైస్తవం స్వీకరించాడు. అందువల్ల చెరసాలకు, చిత్రహింసలకు గురై 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గరి కొండ మీద తుపాకి గుండ్లకు బలి అయ్యాడు. 2012లో ధన్యుడుగాను, 2022 మే 15న పునీతుడుగాను ప్రకటించారు. గురువుగాని, సన్యాసిగాని కాక సంసారిగా ఉండి పునీతుడైన మొదటి భారతీయుడు ఆయన. రెండువందల డెబ్బై ఏళ్ల పాటు ఆ జ్ఞాపకాన్ని నిలిపినది ఆ ప్రాంతపు సామాన్య ప్రజలు. ఆయన పండుగ జనవరి 14, సంక్రాంతి పొంగలి రోజులలోనే వస్తుంది.

మరునాడు జనవరి 15న కృష్ణా జిల్లా పెద్దావుటపల్లిలో జోసెఫ్ తంబి వర్ధంతి జరుగుతుంది. తమిళ కుటుంబంలో పుట్టి, తెలుగు పల్లెలలో బీదలకు సేవచేస్తూ జీవించి, 1945లో అక్కడే మరణించిన సన్యాసి ఆయన. మీ పూర్వికులు తెలుగునేల విడిచి పొరుగు రాష్ట్రాలకు వెళ్లినట్లే, ఆయన అటునుండి ఇటు వచ్చాడన్నమాట. ఆయన ఇంకా దైవసేవకుడి మెట్టు మీదనే ఉన్నాడు. అందుచేత వేలాది జనం కూడినా దానిని వర్ధంతి అంటారు గాని, పునీతుని పండుగ అనరు. ఆ మాటకు శ్రీసభలో అంత కట్టుదిట్టం ఉంది. మీ వయస్సు వారొకరు కూడా ఈ మధ్యనే ఆ మెట్లన్నీ ఎక్కారు. ఇటలీలో పెరిగిన కార్లో అకూతిస్ కంప్యూటరులో నేర్పరి. పదిహేనేళ్ల వయస్సులో 2006 అక్టోబరు 12న రక్త క్యాన్సరుతో మరణించాడు. 2025 సెప్టెంబరు 7న పునీతుడుగా ప్రకటింపబడ్డాడు.

పంచాంగంలోకి పేర్లు ఎక్కినట్లే దిగడమూ ఉంది. పసిబాలుని రూపంలో ఉన్న యేసును భుజాన ఎక్కించుకొని నది దాటించాడని చెప్పే క్రిస్టఫర్ బొమ్మను ప్రయాణికులు, వాహనాలు నడిపేవారు దగ్గర ఉంచుకొంటారు. ఆయన పండుగ జూలై 25. కాని ఆ కథకు ఆధారమైన వివరాలేవీ చరిత్రలో దొరకవు. 1969లో ప్రపంచమంతటికీ వర్తించే పంచాంగాన్ని సవరించినప్పుడు ఇటువంటి కొన్ని పేర్లను అందులోనుండి తొలగించారు. ఆయన పునీతుడే కాదని అనలేదు. ఆ పేరుతో దేవాలయం ఉన్న ఊరివారు పండుగ చేసుకోవచ్చు. కథ మీది ప్రేమను చరిత్ర మీది గౌరవంతో కలిపి గందరగోళం చేయకుండా ఇలా విడదీయడం మెచ్చుకోదగిన పని అని నాకు తోస్తుంది.

తేదీల సంగతి ఇలా ఉండగా, పేర్ల సంగతి మరింత దగ్గరిది. మీ తరగతిలోనో, మీ వీధిలోనో శౌరి, శౌరయ్య, శౌరమ్మ, బాలశౌరి అనే పేర్లు విన్నారా? సంస్కృతంలో శౌరి అంటే విష్ణువు. తెలుగు కథోలికుల ఇళ్లలో మాత్రం అది ఫ్రాన్సిస్ జేవియర్ పేరు. జేవియర్ తమిళంలో సవరియార్ అయ్యాడు. మన నోట శౌరి అయ్యాడు. ఆయన 1542లో గోవా చేరి, చేతిగంట మోగిస్తూ వీధులలో పిల్లలను పోగుచేసి పాఠాలు చెప్పాడు. 1552 డిసెంబరు 3న చైనా తీరానికి చేరువలోని ఒక దీవిలో మరణించాడు. దేహం గోవాలో ఉంది. పదేళ్లకొకసారి దానిని ప్రజల దర్శనానికి ఉంచుతారు. 2024 నవంబరు నుండి 2025 జనవరి వరకు అలాగే ఉంచారు. ఒకే బడిలో చదివే సవరిముత్తు, జేవియర్, బాలశౌరి ముగ్గురికీ పేరు పండుగ డిసెంబరు 3నే.

జూన్ 29న వచ్చే పేతురు, పౌలుల పండుగకూ ఇటువంటి ముచ్చటే ఉంది. పేతురు అన్న గ్రీకు మాటకు రాయి అని అర్థం. ఆయన మన వాడుకలో రాయప్ప. పౌలు అన్న లాటిను మాటకు చిన్నవాడు అని అర్థం. ఆయన చిన్నప్ప. ఇక్కడ ధ్వనిని కాక అర్థాన్ని పట్టుకొన్నారు. ఇగ్నేషియస్ అన్న నోరు తిరగని పేరును ఇన్నాసి అనీ, జోసెఫ్‌ను జోజి, జోజప్ప అనీ మన పూర్వికులు తమ నోటికి అనువుగా మలచుకొన్నారు. యేసు అమ్మమ్మ పేరు అన్నా. ఆవిడ చక్కగా అన్నమ్మ అయింది. యానాంలోని కథోలిక దేవాలయం ఆవిడ పేరిటిదే. పండుగ జూలై 26. ఇటీవల చాలా ఇళ్లలో రాయప్ప పీటర్ అవుతున్నాడు, చిన్నప్ప పాల్ అవుతున్నాడు. బడి రిజిస్టరులో పేరు వ్రాయించేటప్పుడు రాష్ట్రభాష పలుకుబడిలోకో, ఇంగ్లీషులోకో మార్చడం సులువుగా కనిపిస్తుంది. తాతపేరు ఒకటి, మనుమడి పేరు మరొకటి అయినట్లు తోస్తుంది గాని, నిజానికి ఇద్దరి పేరూ ఒకటే. మీ ఇంట్లో పెద్దవారి పేర్లు అడిగి, వాటి పునీతులెవరో, తేదీ ఏదో వ్రాసి చూడండి. తెలుగు మాటలు ఎన్ని బయటపడతాయో మీరే ఆశ్చర్యపోతారు.

పండుగ జరిగే తీరు దాదాపు అన్ని చోట్లా ఒకటే. మొదట జెండా ఎగురవేస్తారు. తొమ్మిది రోజులు ప్రత్యేక ప్రార్థనలు జరుగుతాయి. ఆఖరున స్వరూపాన్ని తేరు మీద ఉంచి, దీపాలతో, మేళతాళాలతో వీధులలో ఊరేగిస్తారు. తమిళనాడులోని వేళాంగణ్ణిలో ఆగస్టు 29న జెండా ఎగురుతుంది, సెప్టెంబరు 8న పండుగ. ఆ రోజులలో అక్కడ తమిళంతో పాటు తెలుగులోనూ పూజ జరుగుతుంది. బెంగుళూరు శివాజీనగరులోని మరియమాత దేవాలయంలోనూ అవే తేదీలు. అక్కడ మాత స్వరూపానికి చీర కడతారు. తెలుగునాట అంతటి ఉత్సవం విజయవాడ గుణదలలో ఫిబ్రవరి 11న జరిగేది. అయితే అది ఎవరి మరణ దినమూ కాదు. 1858లో ఆ తేదీన ఫ్రాన్సు దేశంలోని లూర్దు గ్రామంలో బెర్నదెత్ అనే బీదపిల్లకు మరియమాత కనిపించిందని విశ్వాసం, దానికి గుర్తు. లూర్దమ్మ, లూర్దయ్య అన్న పేర్లు ఆ ఊరి నుండి వచ్చినవే.

ఇంతమందికి తేదీలు దొరికాయి. తేదీ లేనివారి మాట ఏమిటి? ఏ లేఖలోనూ పేరు లేకుండా, ఏ విచారణా జరగకుండా, మంచిగా బ్రతికి పోయినవారు లెక్కకు మించి ఉంటారు గదా! వారందరికీ కలిపి నవంబరు 1న సకల పునీతుల పండుగ. మరునాడు, నవంబరు 2న, మరణించిన వారందరి స్మరణ దినం. దీనిని మనవారు సమాధుల పండుగ అంటారు. ముందురోజే సమాధుల చుట్టూ కలుపు పీకి, సున్నం వేస్తారు. సాయంత్రం కుటుంబమంతా పూలు, కొవ్వొత్తులు తీసుకొని వెళుతుంది. గురువు సమాధుల మధ్య నడుస్తూ పవిత్రజలం చల్లుతాడు. పరరాష్ట్రాలలో ఉన్న మన సమాధుల దొడ్లలో పాతరాళ్ల మీద చెక్కిన తెలుగు అక్షరాలు ఆ దీపాల వెలుగులో కనిపిస్తాయి. పెద్దలు వాటిని వేలితో తడుముతూ కూడబలుక్కొని చదువుతారు. పక్కన నిలబడిన పిల్లలు ఆ పేరు గలవారు తమకు ఏమవుతారని అడుగుతారు.